వానలకు ముందే సైటు మీద శిక్షణ: పబ్లిక్ వర్క్స్ సిబ్బందికి పని నేర్పే పద్ధతి

వార్డు సచివాలయాల్లోని ఎమినిటీస్ (పౌర సదుపాయాల) కార్యదర్శులు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, కాంట్రాక్టర్ల దగ్గర సూపర్‌వైజర్లుగా కుదిరిన డిప్లొమా కుర్రాళ్ళు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "చదివింది ఒకటి, సైటు మీద జరిగేది ఒకటి. పని సరిగ్గా నేర్చుకోవడం ఎలా? మా కింద వాళ్ళకు నేర్పడం ఎలా?" విశాఖపట్నం రోడ్ల మీద, గెడ్డల (వాన నీటి వాగుల) గట్ల మీద ఉద్యోగం చేసినంత కాలం చేసి, తర్వాత కొన్ని బ్యాచులకు నేర్పాను. ఆ వరుసలోనే రాస్తున్నాను.

ఆరు వారాల్లో ఎవరినీ ఇంజనీరును చేయలేం. సైటు మీద నిలబడ్డ మనిషి సరైన చోట "ఆపండి" అనగలిగితే నాకు చాలు. ఏ పనిలో ఎక్కడ ఆపాలో కింద చెప్పాను. ఆ చోట్లను నేను "ఆగే చోట్లు" అంటాను. అక్కడ చూడవలసినవి చూడకుండా పని ముందుకు కదలకూడదు.

## 1. ఎవరికి, ఎప్పుడు

నైరుతి రుతుపవనాలు విశాఖకు మామూలుగా జూన్ రెండో వారానికి వస్తాయి. కాబట్టి మార్చి చివరి వారంలో మొదలుపెట్టి మే మొదటి పక్షంలో ముగించాలి. జూన్‌లో పెట్టే శిక్షణ ఫొటోలకు పనికొస్తుంది. అక్టోబరు సంగతి కూడా మరవకండి. మన ఊరిని హుద్‌హుద్ తుపాను తాకింది 2014 అక్టోబరు 12న. అందుకని సెప్టెంబరు మొదట్లో రెండు రోజుల పునశ్చరణ తప్పనిసరి.

బ్యాచికి పన్నెండు మంది మించవద్దు. పదిహేనోవాడికి స్లంపు కోను (తడి కాంక్రీటు జారుడు చూసే రేకు అచ్చు) కనిపించదు, వెనక నిలబడి ఫోను చూసుకుంటాడు.

కార్యదర్శులను వేరుగా, మేస్త్రీలను వేరుగా కూర్చోబెట్టకండి. ఇద్దరూ ఒకే చోట నేర్చుకుంటేనే రేపు సైటు మీద ఒకే భాష మాట్లాడతారు. ముప్పై ఏళ్ళు తాపీ పట్టిన మేస్త్రీ ముందు ఇరవై మూడేళ్ళ అమ్మాయి "ఇది ఆపండి మేస్త్రీ గారూ" అనడం తేలిక కాదు. ఆయన పక్కనే నిలబడి నేర్చుకుంటే ఆ మాట నోరు దాటుతుంది.

వేళ ఉదయం ఆరున్నర నుంచి పదిన్నర. ఏప్రిల్ ఎండలో ఆ తర్వాత చెప్పింది ఎవరి చెవికీ ఎక్కదు. వారానికి రెండు ఉదయాలు సైటు, ఒక మధ్యాహ్నం ఆఫీసులో లెక్కలు.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

ముందు ఒక "బడి వీధి" ఎంచుకోండి. సుమారు 300 మీటర్ల రోడ్డు, దాని పక్కన డ్రెయిన్, ఒక మదుం (రోడ్డు కింద నీరు దాటే తూము), నాలుగైదు గుంతలు, దగ్గరలో నడుస్తున్న కాంక్రీటు పని ఒకటి ఉంటే చాలు. ఆరు వారాలూ అదే వీధి. ప్రతి వారం కొత్త చోటికి తిప్పితే విహారయాత్ర అవుతుంది.

తర్వాత ఆ వీధి మీద గత రెండేళ్ళలో వచ్చిన ఫిర్యాదులు తీయించి, తేదీల వారీగా ఒక కాగితం మీద రాయించండి. ఒకే ఇంటి ముందు మూడుసార్లు గుంత పూడ్చినట్టు కనిపిస్తే ఆ ఇంటి కింద నీటి పైపు కారుతోందని అనుమానించాలి. ఆ అనుమానం వాళ్ళకే రావాలి, మీరు చెప్పకండి.

సామాను పట్టీ:

- 30 మీటర్ల టేపు, 5 మీటర్ల టేపు
- 10 మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ గొట్టం (ట్యూబ్ లెవెల్)
- పూడిక లోతు చూడడానికి సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన ఇనుప కడ్డీ
- స్లంపు కోను, పోటు కడ్డీ, కాంక్రీటు బలం పరీక్షకు 150 మిల్లీమీటర్ల క్యూబ్ అచ్చులు కనీసం ఆరు
- తారు మిశ్రమం వేడి చూసే థర్మామీటరు
- నాలుగు వాయువులు చూపే గ్యాస్ మీటరు, చెల్లుబాటులో ఉన్న కాలిబ్రేషన్ కాగితంతో
- 45 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు (కడ్డీని అచ్చుకు ఎడంగా ఉంచే కాంక్రీటు బిళ్ళలు) ఒక సంచీ
- మెరుపు చొక్కాలు, హెల్మెట్లు, గమ్ బూట్లు, చేతి తొడుగులు
- బారికేడ్లు, ఎర్ర దీపాలు
- తాగే నీళ్ళ క్యాను, మజ్జిగ

ఆఖరిదాన్ని చూసి నవ్వకండి. ఎండకు ఒకరు కళ్ళు తిరిగి పడిపోతే ఆ రోజు పాఠం ముగిసినట్టే.

## 3. మొదటి వారం: కింది నుంచి పైకి నడక

వార్డును ఎప్పుడూ నీరు బయటికి పోయే చివర నుంచి మొదలుపెట్టి పైకి నడవాలి. చాలామంది రోడ్డు మొదట్లో జీపు దిగి కిందికి నడుస్తారు. అలా వెళ్తే ప్రతి డ్రెయినూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. చివర మూసుకుపోయి ఉంటే పైన ఎంత శుభ్రం చేసినా దండగ.

మన ఊరి స్వభావం ముందు వివరించాలి. ఒకవైపు సింహాచలం కొండలు, మరోవైపు కైలాసగిరి, ఇటు సముద్రం. కొండ మీద పడిన వాన నిమిషాల్లో కింది కాలనీలకు దిగుతుంది, వస్తూ వస్తూ ఎర్రమట్టిని తెస్తుంది. పడమటి గెడ్డలు హార్బరు వైపు, తూర్పువి బీచ్ వైపు పోతాయి. రెండు చోట్లా సముద్రం మాట వినాలి. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, అమావాస్యకూ పున్నమికీ ఇంకా ఎత్తుగా వస్తుంది. పోటు సమయంలోనే వాన పడితే గెడ్డలో నీళ్ళకు దారి ఉండదు. బీచ్ వైపు కాలువలకు మరో తంటా ఉంది. అలలు ఇసుకను మూతి దగ్గర గట్టులా పేరుస్తాయి. అందుకని నడక రోజును పోటు పట్టిక చూసి నిర్ణయించండి. ఒకసారి ఆటులో, ఒకసారి పోటులో అదే మూతి చూపిస్తే వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

నడిచేటప్పుడు ప్రతి జంటకూ ఒక కాగితం, ఒక సుద్దముక్క ఇవ్వండి. వాళ్ళు రాయవలసినవి ఇవి:

- ప్రతి మదుం వెడల్పు, ఎత్తు, లోపల అడ్డంగా పోయిన పైపులు
- డ్రెయిన్ సన్నబడిన చోట్లు, మలుపులు, పైన కట్టిన మెట్లు, ర్యాంపులు
- ఇళ్ళ గోడల మీద పాత నీటి మరకల ఎత్తు
- రక్షణ గోడల్లో నీరు కారే రంధ్రాలు తెరిచి ఉన్నాయా, మూసుకుపోయాయా

చావులమదుం మీదుగా రోజూ వెళ్ళే కుర్రాళ్ళకు ఆ పేరులోనే తూము ఉందని తెలియదు. మన పాతవాళ్ళు ఊరి పేర్లలోనే నీటి దారులు రాసిపెట్టారు. పేరులో గెడ్డ, మదుం, చెరువు, వాక అని ఉన్న చోట రెండుసార్లు చూడండి.

నీటి మరకల గురించి అక్కడి పెద్దవాళ్ళను అడగాలి. ఒకసారి మా జంట ఒకటి డ్రాయింగు పట్టుకుని అరగంట తర్జనభర్జన పడుతుంటే, అరుగు మీద చింతపండు వలుస్తున్న ఒక ముసలమ్మ తలెత్తకుండానే చేయి తన నడుము దగ్గర పెట్టి చూపించింది. "ఇంతవరకు బాబూ. మంచం మీద మంచం వేసుకుని కూర్చున్నాం." టేపుతో కొలిస్తే గోడ మీద మరక సరిగ్గా అక్కడే ఉంది.

కొండవాలు రక్షణ గోడల విషయం చిన్నది గానీ ప్రాణాంతకం. గోడ వెనక నీరు నిలిస్తే మట్టి బరువుకు నీటి ఒత్తిడి తోడై గోడను తోసేస్తుంది. సున్నం వేసేవాళ్ళు, సిమెంటు పూసేవాళ్ళు రంధ్రాలను కూడా పూడ్చేస్తారు. గునపం మొనతో తెరిపించి, ఎన్ని తెరిచారో రాయించండి.

## 4. రెండో వారం: పూడికతీత, పూడిక లెక్క

వరుస తప్పకూడదు. మూతి, తర్వాత మదుములు, తర్వాత పెద్ద డ్రెయిన్, చివరికి వీధి డ్రెయిన్లు. పైనుంచి మొదలుపెడితే కదిలిన బురదంతా మదుంలో పేరుకుంటుంది.

ఆగే చోటు: పూడిక తీయకముందు లోతు కొలిచి, సంతకం పెట్టేదాకా పార కదలకూడదు.

పది మీటర్లకొకసారి గుర్తుల కడ్డీ దించండి. మెత్తగా దిగి గట్టిగా తగిలేదాకా ఎంత దిగిందో అదే పూడిక. అడ్డంగా మూడు చోట్ల కొలిచి సగటు తీయాలి. ఒక లెక్క చేయించండి. డ్రెయిన్ వెడల్పు 1.2 మీటర్లు, పూడిక సగటు లోతు 0.35 మీటరు, పొడవు 100 మీటర్లు. పూడిక 42 ఘనపు మీటర్లు. ట్రాక్టరు తొట్టిలో 3 ఘనపు మీటర్లు పడతాయనుకుంటే 14 ట్రిప్పులు. తీసిన బురద కాస్త ఉబ్బుతుంది కాబట్టి 17, 18 అయినా ఒప్పుకోవచ్చు. బిల్లులో 30 కనిపిస్తే మిగతా పన్నెండూ ఎక్కడికి వెళ్ళాయని అడగాలి. ఈ ఒక్క లెక్క వచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను మోసం చేయడం కష్టం.

తీసిన తర్వాత ట్యూబ్ లెవెల్‌తో అడుగు మట్టం చూడాలి. గొట్టంలో బుడగలు లేకుండా నీళ్ళు నింపి, రెండు కొసల్లో నీటి మట్టం నుంచి డ్రెయిన్ అడుగు దాకా కొలిస్తే వాలు తెలుస్తుంది. అడుగు మట్టం నీరు పోయే దిక్కుకు దిగుతూ ఉండాలి. మధ్యలో పైకి లేచిందంటే అక్కడ పూడిక మిగిలినట్టు, లేదా ఎవరో విరిగిన కాంక్రీటు పారేసినట్టు.

తరచుగా జరిగే తప్పులు, సర్దుబాట్లు:

- బురదను గట్టు మీదే వదిలేయడం. మొదటి జల్లుకే మళ్ళీ డ్రెయిన్‌లోకి దిగుతుంది. నీరు ఓడ్చడానికి ఒక రోజు చాలు, మర్నాడు ఎత్తించండి.
- మదుం లోపల వదిలేసి రెండు మూతులూ తీయడం. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. ఇటు నుంచి టార్చి వేసి అటు మనిషి కాళ్ళు కనిపిస్తున్నాయేమో చూడండి.
- పలకలు తీసి తిరిగి పెట్టకపోవడం. సాయంత్రం పని ఆపే ముందు పలకల లెక్క చెప్పాలి. తెరిచిన డ్రెయిన్ చీకట్లో ఎవరికీ కనిపించదు.
- కొబ్బరి బొండాలు. బీచ్ దగ్గరి వీధుల్లో మదుములకు ఇవే పెద్ద శత్రువులు. మదుం ముందు వాలుగా కమ్మీల జల్లెడ పెట్టించి, వానాకాలంలో రోజూ ఖాళీ చేసే మనిషి పేరు రాసిపెట్టండి. పేరు లేని జల్లెడ రెండు రోజుల్లో ఆనకట్ట అవుతుంది.

## 5. మూడో వారం: మ్యాన్‌హోల్, తవ్వకం

ఈ వారం మీ గొంతు మారాలి.

మొదటి నియమం: భూగర్భ డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగకూడదు. సరైన రక్షణ లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు కాలువలో మరణించిన వారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. నీటి ధారతో శుభ్రం చేసే జెట్టింగ్ యంత్రం రావడానికి రెండు రోజులు పడితే రెండు రోజులు ఆగాలి. "ఒక్క నిమిషం సార్, దిగి తీసేస్తా" అన్న మాట వినగానే మూత వేయించండి.

ఎందుకో చూపించాలి. గ్యాస్ మీటరును తాడుకు కట్టి, మూత పక్కకు జరిపి దించండి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే ప్రమాదం. హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు పది వంతులు) దాటితే ప్రమాదం. ఆ వాయువు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుందని అందరికీ తెలుసు. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుందని తెలిసినవాళ్ళు తక్కువ. "వాసన పోయింది, ఇక ఫరవాలేదు" అని దిగినవాళ్ళు ఉన్నారు.

రెండో నియమం: లోపల ఒకరు పడిపోతే ఇంకొకరు దిగకూడదు. ఇలాంటి ప్రమాదాల్లో రెండో మనిషి, మూడో మనిషి కాపాడబోయి పోతుంటారు. దీన్ని చెప్పి వదిలేయకండి, ఆడించి చూపండి. ఇసుక నింపిన గోనె సంచిని లోపల పడిన మనిషి అనుకోమనండి. ఒకరు అగ్నిమాపక దళానికి 101కు, మరొకరు 108కు ఫోను చేస్తున్నట్టు నటించాలి, మూడోవాడు దిగబోయేవాణ్ణి పట్టుకుని ఆపాలి. మొదటిసారి అందరూ నవ్వుతారు. మూడోసారి నవ్వరు.

ఇక తవ్వకం. హుద్‌హుద్ తర్వాత నగరంలో చాలా చోట్ల కరెంటు తీగలు స్తంభాల మీద నుంచి భూమిలోకి వెళ్ళాయి. పైకి కనిపించనిదే ప్రమాదం.

ఆగే చోటు: విద్యుత్, నీటి సరఫరా, గ్యాస్, టెలిఫోను సంస్థలకు తెలిపి, వాటి గుర్తులు రోడ్డు మీద పడేదాకా జేసీబీ పళ్ళు నేలకు తగలకూడదు. ఇందుకోసం కేంద్ర ప్రభుత్వం 2023లో "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్ తెచ్చింది, వాడించండి. ఆ తర్వాత కూడా పారతో చేత్తో ఒక పరీక్ష గుంట తీయించాలి. పసుపు లేదా ఎర్ర ప్లాస్టిక్ పట్టీ, పరచిన ఇటుకలు, చుట్టూ ఉన్న నేలతో పొసగని మెత్తని ఇసుక, వీటిలో ఏది కనిపించినా కింద కేబులో పైపో ఉన్నట్టే.

గాడి లోతు 1.5 మీటర్లకు చేరితే అంచులు వాలుగా కోయాలి, లేదా పలకలతో ఊతం ఇవ్వాలి. తవ్విన మట్టిని అంచుకు 1.5 మీటర్లు, లేదా గాడి లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. దిగడానికి, ఎక్కడానికి నిచ్చెన ఉండాలి, అది గాడి పైకి మూడడుగులు లేచి ఉండాలి. తీరం వైపు ఇసుక నేలలో కొండవాలు ఎర్రనేల ధైర్యం చూపించకండి. అది హెచ్చరిక లేకుండా జారుతుంది.

## 6. నాలుగో వారం: కాంక్రీటు

ఇది పెద్ద వారం. తొందరపడకండి, కావాలంటే ఒక రోజు పెంచుకోండి.

ముందు ఉప్పుగాలి సంగతి. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంత వాతావరణానికి గురయ్యే కాంక్రీటు "తీవ్ర" తరగతిలోకి వస్తుంది. దానికి కనీసం ఎం30 గ్రేడు (బలం తరగతి), ఘనపు మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 మించకుండా, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరు (కాంక్రీటు పొర) ఉండాలి. సముద్రపు తుంపర, ఆటుపోట్లు తగిలే చోట ఇంకా ఎక్కువ. ఇక్కడ పాత పిట్టగోడలు, సన్‌షేడ్లు ఎందుకు పెచ్చులూడి తుప్పు కక్కుతాయో అడిగితే, చాలావాటికి జవాబు ఆ 45 మిల్లీమీటర్లలోనే ఉంటుంది.

కవరు ఎలా చూపించాలో నాకు నేర్పినవాడు ఒక కమ్మీ పని మేస్త్రీ. నేను కొత్తలో కడ్డీ కింద రాతి ముక్కలు పెట్టి ఉంటే చూసి ఊరుకున్నాను. పోత పోసేటప్పుడు కూలీలు కమ్మీల మీద నడిచారు, ముక్కలు పక్కకు జారాయి, కడ్డీ అడుగుకు ఆనింది. నాలుగేళ్ళకు ఆ పలక అడుగున కడ్డీ వరుసలన్నీ గీత గీసినట్టు ఎర్రగా కనిపించాయి. ఆ మేస్త్రీ నన్ను పిలిచి అది చూపించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఫొటో ఇప్పటికీ ప్రతి బ్యాచుకూ చూపిస్తాను, ఎవరు చేయించిన పనో దాచకుండా.

మొదటి ఆగే చోటు: పోతకు ముందు.

- కవర్ బ్లాకులు కాంక్రీటువేనా, కడ్డీకి కట్టారా? చేత్తో కదిపి చూడండి
- కడ్డీల వ్యాసం, మధ్య దూరం డ్రాయింగుతో సరిపోయాయా?
- సెంట్రింగు సందుల్లో నుంచి వెలుతురు కనిపిస్తోందా? వెలుతురు వస్తే సిమెంటు పాలు కారిపోతాయి
- అడుగున రంపపు పొట్టు, బీడీ ముక్కలు, కట్టు తీగలు ఉన్నాయా?
- కాంక్రీటును కుదించే నీడిల్ వైబ్రేటర్లు రెండున్నాయా, రెండూ తిరుగుతున్నాయా?
- నీళ్ళు ఎక్కడివి? తీరం దగ్గర బోరు నీళ్ళలో ఉప్పు ఉంటుంది. కడ్డీ ఉన్న కాంక్రీటుకు క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. పరీక్ష కాగితం లేకపోతే ట్యాంకరు తెప్పించండి

రెండో ఆగే చోటు: లారీ వచ్చాక. చలానా మీద ప్లాంటులో కలిపిన సమయం చూడాలి. అక్కడి నుంచి రెండు గంటల్లో పోత అయిపోవాలి. గాజువాక, ఎన్ఏడీ కూడళ్ళ రద్దీ లెక్కలో వేసుకుని లారీల మధ్య ఎడం ముందే చెప్పండి.

తర్వాత స్లంపు. కోను లోపల తడిపి, చదునైన రేకు మీద పెట్టి, పొరలుగా నింపుతూ పొరకు 25 పోట్లు పొడవాలి. పై అంచు సమం చేసి, నిదానంగా నిట్టనిలువుగా ఎత్తాలి. కోను ఎత్తు 300 మిల్లీమీటర్లు, కాంక్రీటు కుప్ప ఎంత దిగిందో అదే స్లంపు. అది మిక్స్ డిజైన్‌లో చెప్పిన హద్దుల్లో ఉండాలి. పన్నెండు మందీ ఒక్కొక్కరుగా చేయాలి, చూస్తే రాదు.

ఇప్పుడు అసలు పరీక్ష వస్తుంది. లారీ డ్రైవరు గానీ పోత మేస్త్రీ గానీ "గట్టిగా ఉంది, కాస్త నీళ్ళు పోద్దాం" అంటారు. దీనికి బెదిరింపులు వద్దు, రెండు క్యూబులు చాలు. శిక్షణ కోసం ఒక తట్ట కాంక్రీటు వేరుగా తీసి, సగంతో అలాగే, సగంలో చెంబెడు నీళ్ళు కలిపి క్యూబులు పోయించండి. ఏడో రోజు రెండింటినీ ల్యాబులో నలగ్గొట్టించి అంకెలు పక్కపక్కన రాయించండి. చెంబు నీళ్ళ ఖరీదు ఎంతో వాళ్ళ చేతి అంకెల్లోనే కనిపిస్తుంది. లారీలో కదలిక నిజంగా చాలకపోతే ప్లాంటు వాళ్ళ రసాయనం వాడాలి, నీళ్ళు కాదు.

క్యూబుల లెక్క: 5 ఘనపు మీటర్ల దాకా ఒక శాంపిల్, 15 దాకా రెండు, 30 దాకా మూడు, 50 దాకా నాలుగు, ఆ పైన ప్రతి 50కి ఇంకొకటి. శాంపిల్‌కు మూడు క్యూబులు. అంటే 20 ఘనపు మీటర్ల పోతకు తొమ్మిది. ఏడో రోజు చూడాలంటే అదనంగా పోసుకోవాలి. క్యూబు మీద తేదీ, చోటు, గ్రేడు అక్కడికక్కడే రాయాలి. "మంచి క్యూబులు" వేరే చోట పోసి తెచ్చే కళ మన దగ్గర బాగానే ఉంది. అందుకే క్యూబు పోసినవాడే సంతకం పెట్టి, వాడే ల్యాబుకు పట్టుకెళ్ళాలి.

కాంక్రీటును 1.5 మీటర్ల కంటే ఎత్తు నుంచి పడేయకూడదు. నీడిల్‌ను నిలువుగా దించి, బుడగలు ఆగాక నెమ్మదిగా తీయాలి, దానితో కాంక్రీటును పక్కకు నెట్టకూడదు.

క్యూరింగు చివరి మెట్టు కాబట్టే అందరూ మర్చిపోతారు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ లేదా స్లాగు కలిసిన సిమెంటుకు కనీసం 10, ఎండ వేడిలో దానికే 14 రోజులు తడి ఆరకూడదు. మన మార్కెట్లో దొరికే సిమెంటులో చాలా భాగం రెండో రకమే. గోనెపట్టాలు కప్పి, వాటి మీద తడి ఉంచండి. పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు చిలకరించడాన్ని క్యూరింగు అనరు. మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి అరచేయి ఆనించి చూడండి. తడి తగిలితే క్యూరింగు జరుగుతోంది.

## 7. ఐదో వారం: గుంతలు

గుంత పూడ్చడం అందరికీ వచ్చనుకుంటారు. అందుకే అవే గుంతలు ఏటేటా తిరిగొస్తాయి.

1. గుంత చుట్టూ గట్టి రోడ్డు తగిలేదాకా చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో సుద్దతో గీయండి. గుండ్రంగా వద్దు.
2. అంచులు నిలువుగా కోయించండి. వాలు అంచు మీద తారు పొర పలచబడి ముందు అక్కడే ఊడుతుంది.
3. పగిలిందంతా, తడి మట్టి అంతా తీసేయండి. అడుగు మెత్తగా ఉంటే నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టకుండా ముందుకు వెళ్ళవద్దు. ఇదే ఆగే చోటు.
4. చీపురుతో, గాలి యంత్రంతో దుమ్ము పోయేదాకా ఊడ్చండి.
5. అడుగుకూ నిలువు అంచులకూ తారు ఎమల్షన్ పలచగా పూయండి. అడుగున మడుగు కట్టకూడదు.
6. మిశ్రమం వేడి చూడండి. వీజీ-30 రకం తారైతే పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదు, రోలింగు 90 డిగ్రీలకు దిగేలోపు పూర్తవాలి.
7. లోతు ఎక్కువైతే పొరలుగా నింపి, పొర పొరకూ దిమ్మిస చేయండి. అంచుల నుంచి మధ్యకు రండి.
8. పక్క రోడ్డు కంటే కొన్ని మిల్లీమీటర్లు ఎత్తుగా ముగించండి, వాహనాలు మిగతాది సర్దుతాయి.

థర్మామీటరును మిశ్రమంలో గుచ్చి చూపించిన రోజు ఒక డ్రైవరు, "ఈ అంకె ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. లారీ మీద టార్పాలిన్ లేకుండా వచ్చాడు. మర్నాటి నుంచి టార్పాలిన్ వచ్చింది.

వానలో వేడి మిశ్రమం వేయకండి. అప్పటికి సంచుల్లో వచ్చే చల్లని మిశ్రమంతో తాత్కాలికంగా పూడ్చి, కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో "తాత్కాలికం" అని రాసి, ఎండ పొడ తగలగానే పైన చెప్పిన వరుసలో తిరిగి చేయాలి.

## 8. ఆరో వారం: ఎం-బుక్

కొలతల పుస్తకాన్ని సైటు మీదే రాయాలి. చిత్తు కాగితం మీద రాసి ఇంటికెళ్ళి చక్కని దస్తూరీతో ఎక్కించే అలవాటు మానాలి. చెమట మరక ఉన్న పుస్తకం నాకు నమ్మకం కలిగిస్తుంది.

- పొడవు, వెడల్పు, లోతు టేపు చూసిన వెంటనే రాయండి, గుండ్రం చేయకండి
- తప్పు పడితే ఒక గీతతో కొట్టేసి పక్కన సంతకం, వైట్నర్ వద్దు
- కనుమరుగయ్యే పనులు, అంటే పునాది, అడుగు పొర, కమ్మీలు, కప్పేయకముందే కొలవాలి
- ప్రతి కొలతకూ ఒక ఫొటో, అందులో టేపూ, పక్కన మారని గుర్తు ఒకటి కనిపించాలి. గుడి గోపురమో స్తంభం నంబరో అయితే మంచిది

రెండు జంటలను ఒకే డ్రెయిన్‌ను విడివిడిగా కొలవమనండి. అంకెలు కలవవు. ఎందుకు కలవలేదో వాళ్ళే వాదించుకోనివ్వండి, మీరు మజ్జిగ తాగండి.

## 9. నేర్చుకున్నారో లేదో తేల్చడం

రాత పరీక్ష పెట్టకండి. నేను చేసేది ఇది: నడుస్తున్న ఒక సైటులో కాంట్రాక్టరు అంగీకారంతో ఆరు తప్పులు ముందే పెట్టించి ఉంచుతాను. కవర్ బ్లాకు తీసేయడం, అంచు మీదే మట్టి పోయడం, కాలం చెల్లిన చలానా, ఇలాంటివి. ఒక్కొక్కరినీ పావుగంట వదులుతాను. తప్పులు కనిపెట్టడం సగం. మేస్త్రీకి చెప్పి ఆపించడం మిగతా సగం. ఆరూ కనిపెట్టి నోరు విప్పనివారిని మళ్ళీ వచ్చే బ్యాచులో కూర్చోబెడతాను. నాలుగే కనిపెట్టి ఆపించినవారిని పంపిస్తాను.

పై అధికారులు ఒక పని చేయాలి. "ఆపండి" అన్న మనిషిని ఆ సాయంత్రం ఫోనులో తిట్టకూడదు. ఆపింది తప్పని తేలినా సరే, మొదటి ఏడాది వెనకేసుకురావాలి. ఒక్కసారి తిట్టు తిన్నవాడు తర్వాత ఏ పనీ ఆపడు.

చివరి హాజరు మొదటి పెద్ద వాన రోజు. ఆ రోజు, రాత్రయినా సరే, ప్రతి జంటా గొడుగూ టార్చీ పట్టుకుని తమ మదుం దగ్గరికి వెళ్ళాలి. నీటి అంచుకు దూరంగా, కరెంటు స్తంభానికి దూరంగా నిలబడి చూడాలి. నీరు ఎంత ఎత్తుకు లేచింది, జల్లెడ దగ్గర ఏం ఆగింది, ఎన్ని నిమిషాలకు తగ్గిందో రాసుకోవాలి. తెల్లారాక వెళ్ళి ఆ ఎత్తును గోడ మీద తెల్ల పెయింటుతో గీసి, పక్కన తేదీ వేయండి. వచ్చే మార్చిలో కొత్త బ్యాచి నడక ఆ గీత దగ్గరే మొదలవుతుంది.